లెక్కకెక్కని గుంపులు: గొత్తికోయల చదువు, వైద్యం

ఏజెన్సీలో చదువు, వైద్యం అందకపోవడం గురించి ఎవరు రాసినా దూరంతోనే మొదలుపెడతారు. వాగు పొంగుతుంది, రోడ్డు ఉండదు, నిండు గర్భిణిని డోలీలో మోయాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఛత్తీస్‌గఢ్ నుంచి తరలివచ్చి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లోనూ గుంపులు కట్టుకున్న గొత్తికోయల స్థితిని పరిశీలిస్తే, ఆ దూరానికే ఒక కారణం ఉందని తేలుతుంది. ప్రభుత్వ రికార్డుల్లో ఊరుగా నమోదు కాని చోటికి బడి గానీ ఆరోగ్య ఉపకేంద్రం గానీ దగ్గరగా రావు. ఎస్టీ ధ్రువపత్రం చుట్టూ నడిచే వివాదం ఈ సంగతిని కప్పేస్తోంది. ఆ వివాదం తేలేదాకా ఆగకుండానే బడినీ వైద్యాన్నీ అందించవచ్చని, అందుకు ఇప్పుడున్న చట్టాలే చాలునని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను.

పోడు కోసం, మిర్చి కోతల కోసం ఇటు రావడం పాత అలవాటే. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాల కార్యక్రమం మొదలయ్యాక అది ప్రాణాలు దక్కించుకునే పరుగుగా మారింది. దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. గిరిజన యువకుల చేతికి ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పేనాటికి, మొదట వచ్చినవాళ్లకు ఇక్కడ ఆరేళ్లు నిండుతున్నాయి. ఈలోగా వచ్చిన అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమినే గుర్తించింది. అంటే జుడుం మొదలైన ఆరు నెలలకే గడువు ముగిసింది. ఎస్టీ హోదా సంగతీ అంతే. 342వ అధికరణ కింద జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది, వలస వెళ్లినవారు హోదాను వెంట తీసుకుపోలేరని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. (ఆ కేసు వేసింది బొంబాయికి తరలివెళ్లిన తెలుగు కుటుంబపు విద్యార్థి.) తెలుగు రాష్ట్రాల జాబితాలో కోయలున్నారు, గుట్ట కోయ అన్న పేరు కూడా ఉంది. సరిహద్దు దాటి వచ్చినవారికి అది అక్కరకు రాలేదు.

ఇంతవరకూ చాలామంది చెప్పినదే. అయితే బడిలో చేరడానికి ఎస్టీ ధ్రువపత్రం అవసరమా? విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదన్న సాకుతో కూడా ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించరాదు. ఆధార్ లేదని బడి ప్రవేశం ఆపరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. జ్వరం వచ్చినవారిని చూడటానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కుల పత్రంతో పని లేదు. గిరిజన ప్రాంతాల్లో మూడు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, ఇరవై వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, నూట యాభై మంది ఉన్నా ఒక మినీ అంగన్‌వాడీ అని ప్రమాణాలున్నాయి. చిక్కంతా ఆ జనాభా లెక్కలోనే ఉంది. రిజర్వు అడవిలోని నలభై గుడిసెల గుంపును ‘ఆక్రమణ’ అని రాసుకుంటే దానికి ఆవాసం హోదా ఉండదు. ఆవాసం కానిచోట ఏ ప్రమాణమూ వర్తించదు. దోమతెరల పంపిణీ, దోమల మందు పిచికారీ ఊరి జాబితా ప్రకారమే సాగుతాయి. చాలాచోట్ల ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు నడిచి వెళ్లి టీకాలు వేస్తున్న మాట వాస్తవం. అది వారి మంచితనం మీద నడుస్తోంది. బదిలీ అయితే ఆగిపోతుంది. పైగా, 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రాన్నే ఆధారం చేసింది. గుడిసెలో కాన్పు జరిగి, ఏ రిజిస్టరుకూ ఎక్కని బిడ్డ ఐదేళ్ల తర్వాత బడి గుమ్మంలో ఏం చూపించాలి? 14వ సెక్షన్ అప్పటికీ అమల్లోనే ఉంటుంది గానీ, దాన్ని హెడ్మాస్టరుకు గుర్తుచేసేదెవరు?

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది స్థానిక ఆదివాసులది. బయటి నుంచి వచ్చినవారు జాబితాలో చేరి ఉద్యోగాల్లో, సీట్లలో వాటా పంచుకుంటే ఏమవుతుందో తెలంగాణ కోయలు, గోండులు లంబాడా వివాదంలో దశాబ్దాలుగా చెబుతున్నారు. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అది పరిమితమైన వాటాలకు సంబంధించినది. ఒక బిడ్డకు టీకా వేసినంత మాత్రాన మరో బిడ్డ వాటా తరగదు. ఆశ్రమ పాఠశాలలో సీటు వేరు, గుంపు పక్కన ఒకటో తరగతి చెప్పే బడి వేరు. రెండింటినీ ఒకే కాగితానికి కట్టిపడేయడం వల్ల స్థానికుల హక్కుకు అదనపు రక్షణేమీ దొరకడం లేదు.

అటవీ శాఖ వాదన మరొకటి: సౌకర్యాలు కల్పిస్తే మరిన్ని గుంపులు వస్తాయి, అడవి పోతుంది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక రేంజ్ అధికారి హత్యకు గురైన తర్వాత ఈ వాదనకు కోపం కూడా తోడైంది. ఆ నేరానికి శిక్ష పడాల్సిందే. అయితే ఆ శిక్ష గుంపుల్లోని పసిపిల్లల దాకా పాకడం న్యాయం కాదు. తుపాకులకు భయపడి అడవులు దాటినవాళ్లు అంగన్‌వాడీ కోసం వచ్చారనడం కూడా నమ్మశక్యంగా లేదు. పైగా, అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ బడికి, దవాఖానాకు, అంగన్‌వాడీకి ఒక్కోదానికి హెక్టారులోపు అటవీ భూమిని, హెక్టారుకు డెబ్బై ఐదు చెట్లకు మించి నరకకుండా కేటాయించడానికి వీలిస్తోంది. దానికి గ్రామసభ సిఫారసు కావాలి. ఆ గ్రామసభలో కూర్చునేది స్థానిక కోయలే. అందువల్ల నిర్ణయం వారి చేతుల్లోనే ఉంటుంది.

‘వాళ్లే పిల్లల్ని పంపరు’ అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఇంట్లో కోయభాష, అవతల హిందీ బడి, ఇవతల తెలుగు బడి, మధ్యలో మిర్చి కోతల కాలం. ఇన్ని అడ్డంకుల మధ్య హాజరు తగ్గితే దానిని అయిష్టమని రాసుకోవడం పరిశోధన అనిపించుకోదు.

పోల్చదగిన ఉదాహరణ త్రిపురలో ఉంది. 1997లో మిజోరం నుంచి పారిపోయిన బ్రూ ప్రజలు ఇరవై ఏళ్లకు పైగా శిబిరాల్లో గడిపారు. 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు కలిసి ఒప్పందం చేసుకుని, దాదాపు ముప్పై నాలుగు వేల మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి ఆరు వందల కోట్ల ప్యాకేజీ ప్రకటించాయి. శిబిరాల్లో ఉండటం వల్ల వాళ్ల తలల లెక్క ఉంది, ఆ లెక్క మీదే ఒప్పందం కుదిరింది. గొత్తికోయల విషయంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) ప్రతి గుంపుకూ ఆవాస సంఖ్య ఇచ్చి, అక్కడి జననాలను నమోదు చేయడం మొదటి మెట్టు. దీనితో ధ్రువపత్రం చిక్కు వీడిపోదు. ఇక్కడే పుట్టి పెరిగి ఇప్పుడు ఇంటర్ వయసుకు వచ్చినవారిని, తండ్రి ఊరికి వెళ్లి ఛత్తీస్‌గఢ్ పత్రం తెచ్చుకోమంటున్నారు. తెచ్చినా తెలుగు రాష్ట్రాల రిజర్వేషన్లకు అది పనికిరాదు. జాబితాను మార్చే అధికారం 342(2) కింద పార్లమెంటుకే ఉంది.