శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం

శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం హనుమకొండలో 1904లో స్థాపించబడిన తెలుగు గ్రంథాలయం. తెలంగాణలో గ్రంథాలయోద్యమానికి పునాది వేసిన తొలి సంస్థలలో ఇది ఒకటి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడగా, దాని స్ఫూర్తితో ఓరుగల్లు ప్రాంతంలో ఈ నిలయం వెలిసింది. బడిలో తెలుగు చదువు కరవైన కాలంలో విద్యార్థులకు, యువకులకు మాతృభాషలో చదివే అలవాటు కలిగించడం ఈ సంస్థ చేసిన ముఖ్యమైన సేవ.

పేరు

నన్నయ భట్టారకునిచే ఆంధ్ర మహాభారత రచనకు శ్రీకారం చుట్టించిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుని పేరు ఈ నిలయానికి పెట్టారు. కాకతీయుల రాజధానిలో కాకతీయ ప్రభువుల పేరు కాక రాజమహేంద్రవరపు రాజు పేరు పెట్టుకోవడం గమనించదగినది. నాటి వ్యవస్థాపకుల దృష్టి రాజ్యాలపై కాక భాషపై ఉన్నదని దీనిని బట్టి ఊహించవచ్చు. వరంగల్ మట్టెవాడలో వెలసిన మరొక గ్రంథాలయం శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం. ఆ పేరు కూడా నన్నయనే గుర్తు చేస్తుంది.

నేపథ్యం

నిజాం రాజ్యంలో పరిపాలన భాష ఉర్దూ. ఉన్నత పాఠశాలలలో బోధన ప్రధానంగా ఉర్దూలోనే సాగేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధనా భాష అదే. తెలుగు ఇంట పుట్టిన బాలుడు గణితం, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలో చదివి పరీక్షలు వ్రాసేవాడు. ఇంటిలో మాట్లాడే భాష బడిలో వినబడదు, బడిలో నేర్చిన భాష ఇంట్లోవారికి తెలియదు. ఇటువంటి స్థితిలో చదువు అంటే పరీక్ష, ఉద్యోగం అన్న భావమే మిగులుతుంది తప్ప, పుస్తకాన్ని ఇష్టంతో తెరిచే అలవాటు పుట్టదు. (ఉర్దూ చదువు వలన నష్టమే కలిగిందని దీని అర్థం కాదు; ఆనాటి తెలంగాణ పెద్దలలో పలువురు ఉర్దూ, పారశీక సాహిత్యాలలో మంచి పండితులు.) ఆ లోటు తీర్చడానికి బడి వెలుపల ఏర్పడిన సాధనమే గ్రంథాలయం.

మాడపాటి హనుమంతరావు

ఈ నిలయంతో సంబంధమున్న ప్రముఖులలో మొదట చెప్పుకోదగినవారు మాడపాటి హనుమంతరావు (1885-1970). కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించిన ఆయన 20వ శతాబ్ది తొలి దశకంలో హనుమకొండలో విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూ నిలయ కార్యక్రమాలలో చురుకుగా పాల్గొన్నారు. తరువాత హైదరాబాదు చేరి న్యాయవాది అయ్యారు. "ఆంధ్ర పితామహుడు"గా ప్రసిద్ధులైన ఆయన తెలుగు చదువు గురించిన పట్టుదలను చివరి వరకు విడువలేదు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధనిలో సంఘ సంస్కార మహాసభ జరిగింది. దానికి ధోండో కేశవ కర్వే అధ్యక్షులు. అందులో న్యాయవాది అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు స్థాపించడం ఆ సంఘం ఆశయాలలో చేరింది.

1928లో హనుమంతరావు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు. తెలుగు మాధ్యమానికి ఇక్కడి విద్యా వ్యవస్థలో గుర్తింపు లభించని కారణంగా, దానిని పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించవలసి వచ్చింది. తెలుగువారిని గేలి చేసిన సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి స్థాపించిన విద్యాలయమే తెలుగు బాలికల చదువుకు ఆశ్రయమిచ్చింది. హనుమంతరావు వ్రాసిన "తెలంగాణా ఆంధ్రోద్యమము" ఆ కాలపు చరిత్రకు ముఖ్యమైన ఆధారం.

గ్రంథాలయోద్యమం, ఆటంకాలు

ఆంధ్ర జన సంఘం శాఖలు విస్తరించగా వాటి కేంద్ర సంఘం సమావేశం 1923లో హనుమకొండలో జరిగింది. 1925లో మధిరలో గ్రంథాలయ మహాసభ జరిగింది. మధిర అప్పట్లో వరంగల్ జిల్లాలోనిదే. ఖమ్మం జిల్లా 1953లో గాని ఏర్పడలేదు.

ప్రైవేటు పాఠశాల తెరవాలంటే ప్రభుత్వం నుండి ముందుగా అనుమతి పొందాలి. 1929లో వచ్చిన 53వ గస్తీ ప్రకారం సభ జరపడానికీ అనుమతి కావాలి. అందువలన పుస్తకం చదివి నలుగురు కూర్చుని మాట్లాడుకొనే చోటుగా గ్రంథాలయం విలువ పెరిగింది. ఉద్యమంలో పాల్గొన్నవారిలో వకీళ్లు, ఉపాధ్యాయులు, చిరుద్యోగులు ఎక్కువ.

చదివే అలవాటు

నిలయానికి పుస్తకాలు సమకూర్చడం ఎంత ముఖ్యమో, వాటిని చదివేవారిని తయారు చేయడం అంత కష్టం. తెలుగులో శాస్త్ర, చరిత్ర గ్రంథాలు తక్కువగా ఉన్న ఆ రోజులలో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి ఆ కొరతను కొంత తీర్చింది. 1922లో వరంగల్ జిల్లా ఇనుగుర్తి అనే పల్లె నుండి ఒద్దిరాజు సోదరులు "తెనుగు" పత్రిక ప్రారంభించారు. 1926లో హైదరాబాదు నుండి సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. కొత్త సంచిక ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూచే పాఠకుడు మరునాడు కూడా గ్రంథాలయానికి వస్తాడు.

ఒక ఉపాధ్యాయుని చలవ వలన పుస్తకప్రియుడైన వానికి ఆ ప్రాంతపు చరిత్రలో చక్కని ఉదాహరణ వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961). నల్లగొండ జిల్లాలో పేద ఇంట పుట్టిన ఆయన సీతారామారావు అనే ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారు. బడికి వెళ్లే స్తోమత లేని ఆ బాలుడే తరువాత 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకుపోయి ఊరూరా అమ్మారు. "ప్రజల మనిషి" నవల వ్రాశారు. ఆ గురువు చేసిన పని ఏ పాఠశాల రికార్డులోనూ చేరేది కాదు.

1944 నాటి సభలు

హనుమకొండలో చదువుకొన్న కాళోజీ నారాయణరావు (1914-2002) గ్రంథాలయోద్యమంలోను, ఆంధ్ర మహాసభలోను పాల్గొన్నారు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు 1944లో ఓరుగల్లు కోటలో జరిపినప్పుడు నిర్వహణ బాధ్యతలలో ఆయన ముందున్నారు. ఆ సభల పందిరిని దుండగులు తగులబెట్టారు. అయినా కవి సమ్మేళనం ఆగలేదు. దాశరథి కృష్ణమాచార్య కూడా అందులో పాల్గొన్నారు.

తరువాతి కాలం

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత పాఠశాలలలో తెలుగు బోధన విస్తరించింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం క్రింద జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ పన్ను వాటికి ప్రధాన ఆదాయం. దీనితో పౌరులు స్వయంగా చందాలతో నడుపుకొన్న పాత నిలయాలకు పూర్వపు ప్రాముఖ్యం కొంత తగ్గింది. భాష అడ్డు తొలగినా పఠనాభిరుచి సమస్య తొలగలేదు. పాఠ్యపుస్తకం కాని పుస్తకాలను పిల్లలచే చదివించడానికి తెలంగాణ ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో పాఠశాలలలో 100 రోజుల పఠన కార్యక్రమాన్ని చేపట్టవలసి వచ్చింది. ప్రతి సంవత్సరం నవంబరు 14 నుండి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో విద్యార్థులకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు నిర్వహిస్తారు.