ఒత్తిడి: ఒక మాట కథ, కొన్ని ఎలుకల కథ

నేడు చంటిపిల్లలనుండి పండుముసలి వరకు అందరి నోటా వినిపిస్తున్న ‘ఒత్తిడి’ అనే మాటకు, ఆ అర్థంలో, నూరేళ్ళ వయసు కూడా లేదు. మన పెద్దలకు బాధలు లేవని కాదు. వారికి దిగులుండేది, బెంగ ఉండేది, ఆదుర్దా, కలత, మనాది ఉండేవి. పెళ్ళై అత్తవారింటికి వెళ్ళిన పిల్ల చిక్కిపోతే ‘బెంగ పెట్టుకుంది’ అనేవారు గాని, ‘ఒత్తిడికి గురైంది’ అనేవారు కారు. ఒత్తడమంటే పూరీలు ఒత్తడం, కాళ్ళు ఒత్తడం, అక్షరానికి ఒత్తు ఇవ్వడం. బయటినుండి ఒక బరువు పడితే కదా ఒత్తిడి! బెంగ లోపల పుడుతుంది. ఒత్తిడి బయటినుండి వస్తుంది. ఈ తేడా చిన్నదే ఐనా ఇకముందు చెప్పబోయే కథలో చాలా పని చేస్తుంది కనుక ముందే మనవి చేసుకుంటున్నాను.

ఈ కథకు నాయకుడు హాన్స్ సెల్యే. 1907లో వియన్నాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో శస్త్రవైద్యుడు. సెల్యే ప్రాగ్ నగరంలో వైద్యం చదువుతున్న రోజుల్లో ఒక ఆచార్యుడు వేర్వేరు జబ్బులవాళ్ళను వరుసగా తరగతిలోకి పిలిపించి, ఏ సూక్ష్మలక్షణాన్ని బట్టి ఏ రోగమని నిర్ణయించాలో వివరిస్తున్నాడట. కుర్రవాడైన సెల్యేకు ఆ సూక్ష్మాలకన్న వేరొక సంగతి కంటికి ఆనింది. ఆ రోగులందరి నాలుకలూ పాచిపట్టి ఉన్నాయి, అందరికీ ఒళ్ళునొప్పులు, అందరికీ అన్నం సయించదు, అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. రోగాలు వేరు, కాని ‘రోగిగా ఉండటం’ అనేది అందరిలోనూ ఒక్కటే. మన ఊళ్ళలో ఏ ముసలమ్మను అడిగినా ఈ మాట చెప్పి ఉండేది. ఐతే అందరికీ తెలిసినదాన్ని ప్రశ్నగా మార్చడానికి ఒక రకం తెలివి కావాలి, అది అతనికి ఉంది.

పదేళ్ళు గడిచాయి. సెల్యే కెనడాలోని మాంట్రియల్‌లో, మెగిల్ విశ్వవిద్యాలయంలో, క్రొత్త హార్మోను కోసం వెదుకుతున్నాడు. అండాశయాల సారాన్ని ఎలుకలకు సూదిమందుగా ఇచ్చి, కోసి చూస్తే మూడు మార్పులు కనిపించాయి: అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, థైమస్, శోషరస గ్రంథులు కుంచించుకుపోయాయి, జీర్ణాశయంలోనూ, చిన్నప్రేగు మొదట్లోనూ పుండ్లు పడ్డాయి. హార్మోను దొరికిందని సంబరపడ్డాడు. అయితే వేరే అవయవాల సారాలు ఇచ్చినా అవే మూడు మార్పులు. చివరికి ప్రయోగశాలలో కణజాలాన్ని భద్రపరచే ఫార్మలిన్ ఎక్కించినా అవే! హార్మోను కల చెదిరిపోయింది. మరొకడైతే అక్కడితో వదిలేసేవాడు. సెల్యేకు మాత్రం ప్రాగ్ తరగతిగది గుర్తుకు వచ్చింది. ఎలుకలను చలిలో ఉంచాడు, అలసిపోయేదాకా పరుగెత్తించాడు, గాయపరిచాడు. దెబ్బ ఏదైనా శరీరం ఇచ్చే జవాబు ఒక్కటే. 1936 జులై 4న ‘నేచర్’ పత్రికలో పుటైనా నిండని చిన్న లేఖగా దీన్ని ప్రకటించాడు. మొదట హెచ్చరిక, తరువాత తట్టుకోవడం, చివరికి డస్సిపోవడం అని మూడు దశలు చెప్పాడు. విచిత్రమేమిటంటే, ఈ శాస్త్రానికి పుట్టుకగా చెప్పే ఆ లేఖలో ‘స్ట్రెస్’ అనే మాటే లేదు.

ఆ మాట భౌతికశాస్త్రంనుండి అరువు వచ్చింది. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివినవారికి ప్రతిబలం, వికృతి గుర్తుండే ఉంటాయి. తీగను లాగితే లోపల పుట్టేది ప్రతిబలం, తీగ సాగిన తీరు వికృతి. శరీరంలో కలిగిన మార్పు గురించి మాట్లాడుతున్న సెల్యే నిజానికి వికృతి అనవలసింది. అప్పటికి తనకు ఆంగ్లం అంతగా రాదని, వస్తే మరో మాట ఎంచుకునేవాడినని తరువాత తానే ఒప్పుకున్నాడు. మనం స్ట్రెస్‌ను ‘ఒత్తిడి’ అని తెచ్చుకోవడంతో ఆ తికమకకు మరో మడత పడింది. బరువునూ, బరువు మోసేవాడి నడుమునొప్పినీ ఒకే మాటతో పిలుస్తున్నాం.

సెల్యేకన్న ముందే ఈ దారిలో నడిచినవాడు హార్వర్డ్ వైద్య కళాశాలలోని వాల్టర్ కానన్. విద్యార్థిగా ఉన్నప్పుడే, అప్పుడప్పుడే కనిపెట్టిన ఎక్స్-కిరణాలతో పిల్లి కడుపులో ఆహారం కదలికలను గమనించేవాడు. పిల్లికి కోపమో భయమో కలిగితే చాలు, జీర్ణాశయం కదలకుండా నిలిచిపోయేది. అక్కడినుండి బయలుదేరి ఎడ్రినలిన్ దాకా వెళ్ళి, ఆపద ఎదురైతే పోరాడటానికో పారిపోవడానికో ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో 1915లో పుస్తకంగా వ్రాశాడు. అందులో నాకు నచ్చిన ముచ్చట ఒకటి. హోరాహోరీగా జరిగిన ఫుట్‌బాల్ పోటీ ముగియగానే 25 మంది జట్టు సభ్యుల మూత్రం పరీక్షిస్తే 12 మందిలో చక్కెర కనిపించింది. ఆ 12 మందిలో ఐదుగురు అసలు మైదానంలోకి దిగనే లేదు! బెంచీమీద కూర్చుని చూసినవారు. (మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరి, ఫిస్క్ గారితో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫరస్ సమ్మేళనాల గుట్టు విప్పినది ఈ కళాశాలలోనే, ఈ కానన్ కాలంలోనే.)

ఈ ఏర్పాటంతా నిజానికి మేలైనదే. మెదడులోని హైపోథాలమస్ పీయూషగ్రంథికి కబురుపెడుతుంది, అది అధివృక్క గ్రంథులకు చెబుతుంది, కార్టిసాల్ విడుదలవుతుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది, గుండె వేగం పుంజుకుంటుంది, అరుగుదలవంటి తొందరలేని పనులు వాయిదా పడతాయి. కుక్క వెంటపడినప్పుడు ఇంతకన్న ఏం కావాలి? చిక్కల్లా కుక్క వెళ్ళిపోయాక కూడా ఈ సంరంభం ఆగకపోవడంలో ఉంది. 1968లో బ్రూస్ మెక్ఎవెన్ ఎలుక మెదడులో, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో, ఈ హార్మోను వెళ్ళి అంటుకునే చోట్లున్నాయని చూపాడు. అప్పటిదాకా మెదడును ఆజ్ఞలిచ్చే దొరగానే చూశారు. దెబ్బ తినేదీ అదేనని తేలింది. ఏళ్ళ తరబడి తట్టుకుంటూ రావడానికి శరీరం చెల్లించే అరుగుదలకు 1993లో ఆయన ఒక పేరు కూడా పెట్టాడు: ‘అలోస్టాటిక్ లోడ్’. తిరగలి రాయి అరిగినట్లన్నమాట.

అరుగుదల అంటే ఊరికే అనడం కాదు, కొలిచి చూశారు. 1991లో షెల్డన్ కోహెన్ బృందం 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి గమనించింది. ఒత్తిడి తక్కువగా ఉన్నవారిలో 27 శాతం, ఎక్కువగా ఉన్నవారిలో 47 శాతం జలుబుపడ్డారు. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం చేసిన పరిశీలన చదివినప్పుడు మాత్రం నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మతిమరుపు జబ్బు పడిన తమవారికి సేవచేస్తున్న 13 మంది స్త్రీల చేతిపై చిన్న గాయం చేసి, అదే వయసులోని మరో 13 మందితో పోల్చారు. మామూలువారికి సగటున 39 రోజుల్లో మానిన గాయం, సేవచేసేవారికి మానడానికి 48 రోజులకు పైగా పట్టింది. మా నాయనమ్మ మనుషులను గుర్తుపట్టలేని స్థితిలో నాలుగేళ్ళు మంచంలో ఉంది. రాత్రి మూడుసార్లు లేచేది మా అమ్మ. ‘నాకేం నాయనా, బాగానే ఉన్నాను’ అనేది ఎప్పుడు అడిగినా. ఆ నాలుగేళ్ళలో ఆమెకు వచ్చిపోయిన జ్వరాలకు లెక్కలేదు. దేనివల్ల ఏది వచ్చిందని ఒక్క మనిషి విషయంలో తేల్చిచెప్పలేము. కాని ‘బాగానే ఉన్నాను’ అన్న మాటకు శరీరం సంతకం పెట్టదని మాత్రం ఆ 13 మంది చేతులు చెబుతున్నాయి.

ఇక కథలో చీకటి అధ్యాయం. సెల్యే పరిశోధనకు డబ్బు ఎప్పుడూ చాలేది కాదు. 1958లో ఒక అమెరికన్ పొగాకు కంపెనీని సాయం అడిగాడు, కాదన్నారు. మరుసటి ఏడే పొగాకువారి న్యాయవాదులు అతన్ని వెదుక్కుంటూ వచ్చారు. 1969లో కెనడా పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిస్తూ, పొగతాగడం ఒత్తిడిని తట్టుకునే మార్గమని సమర్థించాడు. అమెరికా పొగాకు పరిశ్రమ పరిశోధనామండలినుండి ఏడాదికి 50,000 డాలర్ల చొప్పున మూడేళ్ళు ముట్టాయి. కోర్టు దావాల పుణ్యమా అని వెలుగుచూసిన ఆ కంపెనీల కాగితాలను తిరగేసి, మార్క్ పెటిక్రూ, కెల్లీ లీ అనే పరిశోధకులు 2011లో ఈ సంగతి వివరంగా బయటపెట్టారు. కంపెనీల ఎత్తు తేలికైనదే: గుండెజబ్బు ఒత్తిడివల్ల వస్తుందంటే, సిగరెట్టు నిర్దోషి, పైగా మందు! సెల్యే పనినంతా దీనితో కొట్టిపారేయను. ఐతే ‘అంతా ఒత్తిడివల్లే’ అని ఎవరైనా అంటే, అలా అనడంవల్ల తప్పించుకుంటున్నది ఎవరని చూడటం నాకు అలవాటైంది.

కడుపులో పుండు సంగతీ ఇలాంటిదే. మా పెదనాన్నగారికి అల్సర్ అని, ఆలోచనలు తగ్గించుకోమని, కారం మానేసి పాలు త్రాగమని చెప్పి పంపేవారు. ఆలోచన తగ్గించుకోవడమెలాగో ఎవరూ చెప్పలేదు. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు, మూడెకరాల మెట్ట. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982 ఈస్టర్ సెలవుల్లో గాజుపళ్ళేలు తీయకుండా వదిలేస్తే, అంతవరకు పెరగనని మొండికేసిన సూక్ష్మజీవి పెరిగి కనిపించింది. అదే హెలికోబాక్టర్ పైలోరీ. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి కడుపుజబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. చాలా అల్సర్లకు కొద్దివారాల యాంటీబయాటిక్‌లు చాలునని తేలింది. సెల్యే 1982 అక్టోబరులో మాంట్రియల్‌లో కన్నుమూశాడు. ఈ మలుపు చూడలేదు. ఎలుకల పుండ్లు అబద్ధం కావు. సూక్ష్మజీవి ఉన్న అందరికీ అల్సర్ రాదు కనుక, ఒత్తిడికి కొంత పాత్ర ఉందనే ఇప్పటికీ అంటారు. కాని ముప్పై ఏళ్ళు మందు వెదకకుండా మనిషిని తప్పుపట్టారు కదా!

నిజంగా ఒత్తిడి ఎవరిది? పెద్ద బాధ్యతలున్న దొరలదే అని లోకం అనుకునేది. లండన్‌లో వైట్‌హాల్ ప్రభుత్వోద్యోగులు సుమారు 18,000 మంది పురుషులను 1967నుండి వెంటబడి చూశారు. అందరూ పక్కా ఉద్యోగులే, అందరికీ ఉచితవైద్యముంది. ఐనా అట్టడుగు మెట్టులోని జవాన్ల మరణాల రేటు పైమెట్టు అధికారులకన్న దాదాపు మూడు రెట్లు. పొగతాగడం, రక్తపోటు వంటివన్నీ లెక్కలోంచి తీసేసినా తేడా మొత్తం పోలేదు. మెట్టు మెట్టుకూ తేడా ఉంది. 1985లో మొదలైన రెండవ అధ్యయనంలో 10,308 మంది స్త్రీ పురుషులను చేర్చి, మైకేల్ మార్మట్ బృందం కారణాల జాడ తీసింది. పని ఎక్కువవడంకన్న, తన పనిమీద తనకు మాట చెల్లకపోవడమే ఎక్కువ హాని చేస్తున్నట్లు కనిపించింది. బెంచీమీద కూర్చున్న ఆ ఐదుగురు ఆటగాళ్ళు నాకు మళ్ళీ గుర్తొచ్చారు.

నివారణోపాయాలు లేకపోలేదు. 1975లో హెర్బర్ట్ బెన్సన్ ధ్యానంలో ఊపిరి, గుండె వేగం నెమ్మదించడాన్ని వివరిస్తూ పుస్తకం వ్రాశాడు. కానన్ ప్రయోగాలు చేసిన గదిలోనే తానూ పనిచేశానని చెప్పుకున్నాడు. ఒకే గదిలో జబ్బూ, విరుగుడూ! 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణ ఇప్పుడు లోకమంతా ఉంది. దీర్ఘశ్వాస, నడక, కంటినిండా నిద్ర, మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక మనిషి: వీటివల్ల మేలు ఉన్న మాట వాస్తవం, నేనూ రోజూ తెల్లవారగానే నడుస్తాను. కాని వారానికి 55 గంటలకు పైగా పనిచేసేవారికి, 35–40 గంటలు చేసేవారికన్న పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ కార్మికసంస్థ 2021లో కలిసి చెప్పాయి. ఆ 55వ గంటను ప్రాణాయామం తగ్గించదు.

నేను పనిచేసేచోట పోయిన నెల ‘ఒత్తిడిని జయించడం’ అని ఒక తరగతి పెట్టారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు కూడా ఉదయం పదింటికి తప్పక హాజరు కావాలన్నారు. చెప్పినాయన మంచివాడే, కళ్ళు మూసుకోమంటే సగంమంది నిజంగానే నిద్రపోయారు. తరువాత మేము పద్దెనిమిదిమందిమి షిఫ్టుల పట్టిక రెండు వారాల ముందే చెప్పమని, రాత్రివంతు వరుసగా ఐదు రోజులు మించవద్దని కోరుతూ ఒక కాగితం వ్రాసి, సంతకాలు చేసి ఇచ్చాము. పరిశీలిస్తున్నామన్నారు.