టేపులో మిగిలిన మూడు నిమిషాలు

పిల్లలు వీధుల్లో తిరిగి చెడు సావాసాలు పట్టకూడదని ఓ తల్లి వాళ్లకి వాయిద్యాలు కొనిపెట్టింది. ఆ కుటుంబం ఉండేది న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో, పేదలకు ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లలో. కాలం 1970లు. ఆ పిల్లలు రెనే, వాలరీ, డెబొరా, మేరీ స్క్రాగిన్స్ అనే నలుగురు అక్కచెల్లెళ్లు. వాళ్లు కట్టిన బ్యాండ్ పేరు ఈఎస్‌జీ. పంక్ కచేరీల్లోనూ, డిస్కో క్లబ్బుల్లోనూ, ఆ తర్వాత హిప్-హాప్ రికార్డుల్లోనూ మోగిన సంగీతం ఈ ఇంట్లోనే పుట్టింది.

అప్పటి సౌత్ బ్రాంక్స్ తగలబడిపోతున్న పేట. 1970 నుంచి 1980 దాకా అక్కడి 44 సెన్సస్ విభాగాల్లో సగానికి పైగా ఇళ్లు మంటల వల్లో, యజమానులు వదిలేసి పోవడం వల్లో కనుమరుగయ్యాయి. 1977 అక్టోబరులో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ షార్లెట్ స్ట్రీట్‌కి వచ్చి ఆ శిథిలాల మధ్య నడిచాడు. అలాంటి చోట ఆడపిల్లల్ని ఇంటిపట్టున ఉంచడానికి ఆ తల్లికి తోచిన ఉపాయం సంగీతం.

పాఠాలు చెప్పేవాళ్లు లేరు. రేడియో, టీవీల్లో విన్నదాన్ని విన్నట్టు వాయించి చూసుకోవడమే సాధన. రెనేకి జేమ్స్ బ్రౌన్ అంటే ప్రాణం. ఆయన పాటల మధ్యలో ఒక ఘట్టం వస్తుంది. మిగతా వాయిద్యాలన్నీ తప్పుకుంటాయి, బేస్, డ్రమ్స్ మాత్రమే మిగులుతాయి, జనం ఒళ్లు మరిచి ఆడేది అప్పుడే. పాట మొత్తం ఆ ఘట్టంలాగే ఉంటే ఎలా ఉంటుందని రెనే ఆలోచించింది. దానికి ఇంటి దగ్గర లాటినో కుర్రాళ్లు వాయించే కాంగా డ్రమ్ముల దరువు తోడైంది. కాంగాలు వాయించడానికి టిటో లిబ్రాన్ అనే స్నేహితుడు వాళ్లతో చేరాడు.

మొదట్లో వేరేవాళ్ల పాటలు వాయించేవారు. కానీ అందరికీ తెలిసిన పాటలో తప్పు వాయిస్తే ఇట్టే దొరికిపోతారు. సొంత పాటైతే ఏది తప్పో ఏది ఒప్పో ఎవరికీ తెలియదు. రెనే పాటలు రాయడం మొదలుపెట్టింది ఇందుకేనని తర్వాత తానే చెప్పుకుంది. ఈఎస్‌జీ అంటే ఎమరాల్డ్, సఫైర్, గోల్డ్. ఎమరాల్డ్ వాలరీ జన్మరత్నం, సఫైర్ రెనేది. ఇక గోల్డ్ అంటే ఎప్పటికైనా గెలవాలనుకున్న గోల్డ్ రికార్డు.

ప్రతిభా పోటీలకు తిరుగుతుండగా ఒకచోట న్యాయనిర్ణేతగా వచ్చిన ఎడ్ బాల్మన్ కంట పడ్డారు. గ్రీనిచ్ విలేజ్‌లో 99 మెక్‌డూగల్ స్ట్రీట్‌లో ఆయనకు రికార్డుల దుకాణం ఉండేది. ఆ చిరునామాలోని అంకెతోనే 99 రికార్డ్స్ అనే చిన్న లేబుల్ కూడా నడిపేవాడు. పంక్ కుర్రకారు ఫంక్ వైపు, డిస్కో దరువు వైపు చెవి ఒగ్గుతున్న రోజులవి. బాల్మన్ ఈ అక్కచెల్లెళ్లను మాన్‌హాటన్ క్లబ్బులకు తీసుకెళ్లాడు. పంక్ అంటే ఏమిటో పెద్దగా తెలియని ఈ పిల్లలు పంక్ శ్రోతల ముందు వాయించారు, వాళ్ల చేత డ్యాన్స్ చేయించారు.

1980లో హుర్రా అనే క్లబ్బులో, మాంచెస్టర్ నుంచి వచ్చిన ‘ఎ సర్టెన్ రేషియో’ బ్యాండ్‌కి ముందు ఈఎస్‌జీ వాయించింది. అది చూసిన ఫ్యాక్టరీ రికార్డ్స్ అధిపతి టోనీ విల్సన్ వెంటనే రికార్డు చేద్దామన్నాడు. కొద్ది రోజులకే వాళ్లు స్టూడియోలో ఉన్నారు. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ అప్పటికే జాయ్ డివిజన్ బ్యాండ్ రికార్డులతో పేరు మోసినవాడు. ‘యూ ఆర్ నో గుడ్’, ‘మూడీ’ పూర్తయ్యాక టేపులో ఇంకో మూడు నిమిషాలు మిగిలాయి. మరో పాట ఏమైనా ఉందా అని హానెట్ అడిగాడు. ఉందన్నారు. అదే ‘యూఎఫ్‌ఓ’.

ఆ పాటలో మాటలు లేవు. మొదట గిటారు సైరన్‌లా కీచుమంటూ లేస్తుంది. అది చెవిలో ఇంకా గింగురుమంటుండగానే డ్రమ్స్, వాటి వెంట కొద్దిపాటి స్వరాల బేస్ అందుకుంటాయి. అంతే, చివరిదాకా ఆ దరువు వదలదు. ఖాళీని నింపే ప్రయత్నం ఎక్కడా కనబడదు. ప్రతి దెబ్బా విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. ఈ పాటకున్న బలం అంతా ఆ ఖాళీలోనే ఉంది.

1981లో ఫ్యాక్టరీ ఈ మూడు పాటలనూ ఇంగ్లండ్‌లో విడుదల చేసింది. 99 రికార్డ్స్ వాటికి హుర్రాలో చేసిన లైవ్ రికార్డింగులు జోడించి అమెరికాలో తెచ్చింది. మరుసటి ఏడు మే 21న మాంచెస్టర్‌లో హాసియెండా క్లబ్ తెరిచిన రాత్రి వేదిక ఎక్కింది ఈఎస్‌జీయే. 1983లో ‘కమ్ అవే విత్ ఈఎస్‌జీ’ అనే తొలి ఆల్బమ్ వచ్చింది. న్యూయార్క్‌లో ల్యారీ లెవాన్ డీజేగా వెలిగిన ప్యారడైజ్ గరాజ్ క్లబ్ 1987లో మూతపడినప్పుడు, ఆఖరి రాత్రి వాయించిందీ వీళ్లే.

ఈలోగా 99 రికార్డ్స్ కూలిపోయింది. అదే లేబుల్‌లోని లిక్విడ్ లిక్విడ్ బ్యాండ్ ‘కావర్న్’ పాట బేస్ వరసను షుగర్ హిల్ రికార్డ్స్ 1983లో ‘వైట్ లైన్స్’ అనే హిట్‌కు వాడుకుంది. బాల్మన్ కోర్టుకెక్కాడు. తీర్పు అనుకూలంగానే వచ్చినా, షుగర్ హిల్ దివాలా తీసింది. విసిగిపోయిన బాల్మన్ సంగీత వ్యాపారమే వదిలేశాడు. ఈఎస్‌జీ వెనక నిలబడే లేబుల్ లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే ‘యూఎఫ్‌ఓ’ అందరి చేతుల్లోకీ పోయింది. పాత రికార్డులోంచి ఒక ముక్క కోసి, దాన్ని తిప్పితిప్పి వాయిస్తూ దానిమీద కొత్త పాట కట్టడాన్ని శాంప్లింగ్ అంటారు. శాంప్లర్ యంత్రాలు చవకయ్యేసరికి ర్యాప్ నిర్మాతలు ఆ సైరన్ కీచును, ఆ దరువును పోటీపడి వాడారు. 1988లో బిగ్ డాడీ కేన్ వాడాడు, పబ్లిక్ ఎనిమీ వాడింది. వాళ్ల తర్వాత వాడినవాళ్లను లెక్కపెడితే జాబితా వందల్లోకి పోతుంది. అనుమతి అడిగినవాళ్లు తక్కువ, డబ్బిచ్చినవాళ్లు ఇంకా తక్కువ. శాంపిల్‌కు అనుమతి తప్పనిసరని అమెరికా కోర్టు గట్టిగా చెప్పింది 1991 డిసెంబరులో, బిజ్ మార్కీ కేసులో. ఆలోపే ఈఎస్‌జీకి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది.

1992లో వాళ్లు తెచ్చిన రికార్డు పేరే ఆ గోడు చెబుతుంది: ‘శాంపిల్ క్రెడిట్స్ డోంట్ పే అవర్ బిల్స్’. కవరు మీద పేరు వేసినంత మాత్రాన ఇంటి ఖర్చులు తీరవని దాని భావం. పాటలు క్లబ్బుల్లో మోగుతుంటే, వాటిని కట్టినవాళ్లు బిల్లులు కట్టడానికి డబ్బు వెతుక్కోవడం అన్యాయం. దాన్ని ఇంకే పేరుతోనూ సరిపెట్టడానికి లేదు.

2000లో లండన్‌కు చెందిన సోల్ జాజ్ సంస్థ పాత పాటలన్నీ చేర్చి ‘ఎ సౌత్ బ్రాంక్స్ స్టోరీ’ తెచ్చింది. అప్పటిదాకా ఈఎస్‌జీ రికార్డులు దొరకడమే కష్టం. రెండేళ్లకు న్యూయార్క్‌లో ది రాప్చర్, ఎల్‌సీడీ సౌండ్‌సిస్టమ్ లాంటి బ్యాండ్లు పంక్ గిటార్లకు డిస్కో దరువు జోడించి కొత్త అల లేపాయి, డ్యాన్స్-పంక్ అనే పేరు పత్రికల్లో నలిగింది. అదే 2002లో ఈఎస్‌జీ ‘స్టెప్ ఆఫ్’ ఆల్బమ్‌తో తిరిగొచ్చింది. ఈసారి ఆ ఇంటి తర్వాతి తరం అమ్మాయిలు కూడా గిటారు, బేస్ పట్టుకుని వాళ్ల పక్కన వాయించారు. ఆ కొత్త బ్యాండ్లను ఇష్టపడి వాటి మూలాలు వెతికే శ్రోత మాన్‌హాటన్ దగ్గర ఆగకుండా సౌత్ బ్రాంక్స్ దాకా వెళ్లాలి. ఈఎస్‌జీ రికార్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి కూడా.