ఆన్‌లైన్‌లో పాత నాణేల పేరిట నకిలీలు: గుర్తించే విధానం, ఫిర్యాదు మార్గం

సోలాపూర్ నేతవాడలలోని పాత ఇళ్లలో రెండు రకాల వెండి రూపాయలు కనిపించడానికి చారిత్రక కారణం ఉన్నది. సోలాపూర్ నాటి బొంబాయి ప్రెసిడెన్సీలోని బ్రిటిష్ జిల్లా. దాని సరిహద్దునే ఉన్న ఉస్మానాబాద్, గుల్బర్గా ప్రాంతాలు నిజాం రాజ్యంలోనివి. తెలంగాణ నుండి మగ్గం పనికి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు సొంత ఊరిలో హాలీ సిక్కాను, సోలాపూర్‌లో కల్దార్ రూపాయిని వాడుకునేవి. ఆరు కల్దార్ రూపాయలు ఏడు హాలీ రూపాయలకు సమానమన్నది నాటి లెక్క. పెద్దల కాలం నుండి పెట్టెలలో దాచిన ఆ నాణేలే నేడు మోసగాళ్లకు ఆసరా అవుతున్నాయి.

మోసం రెండు విధాలు

మొదటిది, నకిలీ నాణేన్ని అరుదైనదని చెప్పి అమ్మడం. రెండవది, మన వద్ద ఉన్న నాణేన్ని లక్షలు పోసి కొంటామని ఆశ చూపి, రిజిస్ట్రేషన్ రుసుము, పన్ను, కమీషన్ అంటూ ముందుగా డబ్బు రాబట్టడం. 2012లో వెలువడిన వైష్ణోదేవి చిత్రం గల ఐదు, పది రూపాయల నాణేల విషయంలో ఇటువంటి ప్రచారం విరివిగా సాగింది.

రిజర్వు బ్యాంకు తన పేరును, చిహ్నాన్ని ఇందుకు వాడుకుంటున్నారని 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత నాణేలు, నోట్ల క్రయవిక్రయాలలో తాను పాలుపంచుకోననీ, అందుకై ఏ రుసుమూ వసూలు చేయననీ, ఏ సంస్థకూ ఆ అధికారం ఇవ్వలేదనీ స్పష్టం చేసింది. కనుక రిజర్వు బ్యాంకు పత్రమంటూ వాట్సాప్‌లో వచ్చేది ఏదైనా నకిలీయే. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని అడగడు. వారపు పగారులో నుండి రుసుము కట్టిన కుటుంబానికి ఆ వారం గడవడమే కష్టమవుతుంది.

తేదీని బట్టి తెలిసే నకిలీలు

నాణెం మీది రాజు పేరు, సంవత్సరం పొసగుతున్నాయో లేదో మొదట చూడాలి.

1. రాముని పట్టాభిషేకం, హనుమంతుడు మొదలైన బొమ్మలతో, వెనుక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818 వంటి తేదీలు గల 'ఒక అణా', 'అర్ధణా' రాగి బిళ్లలు కంపెనీ నాణేలు కావు. అవి తరువాతి కాలంలో తయారైన బిళ్లలు మాత్రమే. మద్రాసులో కంపెనీ దేవతామూర్తులతో వరహాలు ముద్రించిన మాట నిజమే. కాని అవి చిన్న బంగారు నాణేలు.

2. విక్టోరియా పేరుకు 'ఎంప్రెస్' అన్న బిరుదు 1877 నుండి మాత్రమే కనిపిస్తుంది. అంతకు ముందరి తేదీతో ఆ బిరుదు ఉంటే అది నకిలీ.

3. ఐదవ జార్జి వెండి రూపాయలు 1911 నుండి 1922 వరకు, ఆ పిమ్మట 1936 తేదీతో ఉన్నాయి. నడుమ సంవత్సరాల తేదీ గల రూపాయిని కొనరాదు.

4. ఆరవ జార్జి 1939 రూపాయి నిజంగానే అరుదు. అందువల్లనే దానికి నకిలీలు ఎక్కువ. 1938 నాటి అసలు నాణెంలో చివరి అంకెను మార్చి అమ్మేవారూ ఉన్నారు. భూతద్దంతో ఆ అంకెను పక్క అంకెలతో పోల్చి చూడాలి.

5. 1911 రూపాయిపై రాజు వస్త్రంలోని ఏనుగు పందివలె కనిపించిందని నాడు అలజడి చెలరేగగా, మరుసటి ఏడాది బొమ్మను సవరించారు. ఈ కథ చెప్పి అధిక ధర అడిగేవారు పలువురు. కథ నిజమైనంత మాత్రాన చేతిలోని నాణెం నిజమైనది కాదు.

6. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు నిజాం రూపాయిపై చార్మినార్ ద్వారంలో 'ఐన్' అనే అరబ్బీ అక్షరం ఉంటుంది. అంతకు ముందరి మహబూబ్ అలీఖాన్ నాణెంలో 'మీమ్' ఉంటుంది.

తూకం, అయస్కాంతం, అంచు

నగల దుకాణంలోని కాటాపై తూచి చూడడం అన్నిటికన్నా మేలైన పరీక్ష. 1835 నుండి వచ్చిన బ్రిటిష్ వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు. 1939 వరకు అందులో వెండి 91.7 శాతం. 1940 నుండి 1945 వరకు వెండి సగానికి తగ్గినా తూకం మారలేదు. చార్మినార్ రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు. వాడుకలో అరిగిన నాణెం కొద్దిగా తగ్గవచ్చును గాని పెరగదు. గ్రాముకు మించి తేడా ఉంటే అనుమానించాలి.

వెండి అయస్కాంతానికి అంటదు. అయితే 1947 రూపాయి నికెల్‌ది. అది అంటుకోవడం సహజం. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలంపై సూదిమొన వంటి గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. పరీక్ష పేరుతో ఆమ్లం పోయరాదు. చింతపండుతో తోమరాదు. తోమిన నాణేనికి, హారానికై కొక్కెం అతికిన నాణేనికి సేకర్తల వద్ద విలువ పడిపోతుంది.

ఈ పరీక్షలలో నెగ్గిన నాణెమైనా, ధర వేలల్లో ఉన్నప్పుడు నిపుణునికి చూపకుండా కొనరాదు. కొత్త స్మారక నాణేలు కావలసినవారికి ముంబై, హైదరాబాద్, కోల్‌కతా టంకశాలల ద్వారా ప్రభుత్వ సంస్థే విక్రయిస్తుంది.

మోసపోయినప్పుడు చేయవలసినవి

1. వెంటనే 1930కు ఫోను చేయాలి. సొమ్ము ఇంకా అవతలి ఖాతాలో ఉంటే నిలిపివేయించే అవకాశం ఉన్నది. గడియ గడచినకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. మనమే పిన్ నొక్కి పంపిన సొమ్ముకు, మన ప్రమేయం లేకుండా పోయిన సొమ్ముకు ఉన్నట్టి బ్యాంకు రక్షణ వర్తించదు. కనుక ఆలస్యం పనికిరాదు.

2. అమ్మకపు ప్రకటన, సంభాషణ, యూపీఐ లావాదేవీ సంఖ్యల చిత్రాలు తీసి ఉంచాలి. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయాలి. కవరును పారవేయరాదు.

3. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో గాని, పోలీసు ఠాణాలో గాని ఫిర్యాదు ఇవ్వాలి. అమ్మినవాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడని ఠాణా నిరాకరించరాదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయించవచ్చును.

4. ప్రసిద్ధ విక్రయ వేదికలో కొన్నట్లయితే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. 2020 నాటి నిబంధనల మేరకు ఆయన 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించవలసి ఉంటుంది. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

చట్టపరమైన హెచ్చరికలు

నకిలీ అని తెలిసిన పిమ్మట దానిని మరొకరికి అంటగట్టడం కూడా మోసమే. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దానిని విదేశీ కొనుగోలుదారుకు పంపరాదు. పునాది తవ్వకంలో నాణేలు దొరికితే 1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

ఇంటి పెట్టెలో తాతల నాటి రూపాయి ఉన్నవారు దానిని ఒకసారి తూచి, సంవత్సరం, తూకం, రెండు వైపుల చిత్రాలు భద్రపరచుకోవడం మేలు. తన వద్ద ఉన్నదేమిటో తెలిసినవారిని ఫోనులోని తీయని మాటలతో లొంగదీయడం అంత సులభం కాదు.