ఎఫెసస్ కంచునాణెములు: దేవతామూర్తియు షష్ఠీవిభక్తియు

రోమకసామ్రాజ్యమున బంగారునాణెముల ముద్రణము చక్రవర్తుల యధికారము. కంచునాణెములను మాత్రము ప్రాగ్దేశపు నగరము లనేకములు తమ కమ్మటములందే ముద్రించుకొనుచుండెను. పని మొరటుదని పలువురు వీనిని సరకుసేయరు. కాని వీనిపై వ్రాఁతను వ్యాకరణదృష్టితోఁ బరీక్షించినచో నొక విశేషము తేటపడును. ఆసియారాష్ట్రమునందలి ఎఫెసస్ నగరము నుదాహరణముగాఁ గొందము.

ఈ నగరాధిదేవత యగు అర్తెమిస్ నాణెములపై రెండు రూపములఁ గానఁబడును. ఒకటి గ్రీకుపురాణప్రసిద్ధమైన వేఁటకత్తె రూపము. రెండవది ఆలయమునందలి మూలవిరాట్టు: శిరమున నెత్తైన కిరీటము, వక్షమున స్తనములవలెఁ దోఁచు వరుసలు, ఒరవలె బిగిసిన యధఃకాయము, చేతులనుండి నేలవఱకు వ్రేలాడు సూత్రములు, ఇరుప్రక్కల జింకలు. 1956లో ఎఫెసస్ త్రవ్వకములందు బయల్పడిన చలువఱాతి విగ్రహములును ప్రధానముగా నీ లక్షణములు గలవే. ఆలయమును జూపునపుడు మాత్రము కమ్మటపువారు స్తంభములను నాలుగింటికో యెనిమిదింటికో కుదించి, విగ్రహము కానవచ్చుటకై నడుమ నెడము విడిచిరి. కాఁబట్టి యీ యాలయచిత్రమును యథాతథమని గ్రహింపరాదు.

ఇఁక వ్రాఁత. పురోభాగమునఁ జక్రవర్తి ముఖము. అతని పేరు సామాన్యముగాఁ బ్రథమాంతము. పృష్ఠభాగమున దేవతచుట్టును "ఎఫెసియోన్" అని యుండును. ఇది షష్ఠీబహువచనము; "ఎఫెసీయులయొక్క" యని యర్థము. ఈ "ఓన్" సంస్కృతపు "ఆమ్" ప్రత్యయమునకు సోదరము. మన శాతవాహనుల నాణెములందు రాజనామము షష్ఠ్యంతము. ఇచ్చట నాస్థానము పౌరులది. క్లాడియసు చక్రవర్తి (41-54) వెండినాణెముపై నిదే యాలయ మున్నను, అందలి లాటినువ్రాఁత "ఎఫెసస్ డయానా" యను దేవతానామమే. పౌరుల ప్రసక్తి లేదు.

రెండవ శతాబ్దమునఁ గంచునాణెములపై "దిస్ నేఓకోరోన్" అను బిరుదము చేరెను. "దిస్" మన "ద్విః" శబ్దమే. "రెండుమాఱులు దేవాలయరక్షకులైన" యని తాత్పర్యము. చక్రవర్తి యారాధనకై ఆలయము నిర్మించుకొను ననుమతివలన లభించు గౌరవ మిది. ఈ బిరుదమును "ఎఫెసియోన్" పదముతో సమానవిభక్తికమే. చక్రవర్తిపూజవలన వచ్చిన గౌరవమును సయితము పౌరులు తమ విశేషణముగాఁ జేసికొనిరి. కరకల్లా (198-217) నాఁడు "త్రిస్", అనఁగా "త్రిః", అని లెక్క పెరిగి, "అర్తెమిస్‌యొక్కయు" ననుమాటయుఁ జేరెను.

ఇంతమాత్రమునఁ బౌరులు స్వతంత్రులని చెప్పరాదు. ఆ బిరుదమునకు రోమునుండియే యనుమతి వలయును. గల్లియేనసు (253-268) కాలముతో నీ ముద్రణమును నిలిచిపోయెను. అయినను నాణెము తమదని వారు చెప్పుకొన్న మాట యా ప్రత్యయమునఁ గలదు. నాణెములను వర్ణించువారు బొమ్మతోఁబాటు విభక్తిని గూడఁ బేర్కొనవలెనని మా మనవి.