పిల్లల చేతికి చుక్కాని

పడవ నడిపే విద్య తరతరాలుగా పుట్టుకతో సంక్రమించినది. తెలుగు తీరంలో తండ్రి వెంట తెప్ప ఎక్కిన మత్స్యకార బాలుడు గాలివాటును, అల తీరును చూచి నేర్చుకొనేవాడు. ఆ విద్యకు బడి లేదు. ఆ కుటుంబాల వెలుపలి బిడ్డకు అందులో ప్రవేశమూ అరుదే. 1927లో బొంబాయి రేవులో ‘డఫరిన్’ శిక్షణ నౌక ప్రారంభమై, వాణిజ్య నౌకల అధికారులు కాగోరే భారతీయ యువకులకు స్వదేశంలోనే చదువు కల్పించింది. అయితే అది ఉద్యోగార్థుల కోసం ఏర్పడిన పెద్ద ఓడ. ఎనిమిదేళ్ళ బిడ్డ ఒంటరిగా తెరచాప పడవ నడపడం నేర్వాలంటే వేరొక సాధనం కావలసి వచ్చింది.

అటువంటి సాధనం అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ పట్టణంలో 1947లో రూపొందింది. పిల్లలు స్వయంగా చేసుకొన్న చెక్కబండ్లతో పందేలు ఆడుతున్నట్లే నీటిపైనా ఆడాలని, అందుకు తగిన పడవ సామాన్య కుటుంబాలకు అందే వెలలో ఉండాలని మేజర్ క్లిఫర్డ్ మెకే స్థానిక ఆప్టిమిస్ట్ క్లబ్బుకు సూచించాడు. పడవల నిర్మాత క్లార్క్ మిల్స్ రెండు ప్లైవుడ్ పలకలతో తయారయ్యే నమూనాను సిద్ధం చేశాడు. పలక పొడవు 8 అడుగులే కనుక పడవ ముందుభాగం మొనదేలక మొద్దుగా మిగిలింది. క్లబ్బు పేరే పడవకు స్థిరపడింది. 1954లో ఆక్సెల్ డామ్‌గార్డ్ దీనిని డెన్మార్క్‌కు పరిచయం చేశాడు. 1965లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

సుమారు 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు గల ఈ పడవలో బోధనాక్రమమే ఇమిడి ఉన్నది. శిక్షణ ఒడ్డుననే మొదలవుతుంది. తెరచాపను కొయ్యకు పొట్టి తాళ్ళతో కట్టి, ఏటవాలు కర్రతో దాని పైమూలను ఎత్తి నిలపాలి. ముడి వదులైతే తెరచాప ముడతపడుతుంది; ఆ లోపాన్ని బాలుడు తన కళ్ళతోనే చూస్తాడు. గాలికి నేరుగా ఎదురు వెళ్ళలేమని, అటూ ఇటూ వంకరగా సాగి గమ్యం చేరాలని నీరే నేర్పుతుంది. బోల్తాపడిన పడవ అడుగుపలకపై నిలబడి, దానిని తిరిగి లేపడం తొలి పాఠాలలో ఒకటి. తెరచాప తాడు వదిలితే పడవ నెమ్మదించి ఆగుతుందని తెలిసిన బిడ్డకు సగం భయం తీరుతుంది.

భారతదేశంలో ఈ విద్యకు సముద్రంతో పాటు పాత చెరువులూ ఆశ్రయమిచ్చాయి. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలాన నిర్మితమైన హుస్సేన్‌సాగర్‌లో హైదరాబాద్ యాట్ క్లబ్ పేద కుటుంబాల పిల్లలకూ శిక్షణ ఇచ్చింది. భోజరాజు కాలానిదిగా ప్రసిద్ధి పొందిన భోపాల్ పెద్ద చెరువు ఒడ్డున జాతీయ సెయిలింగ్ పాఠశాల వెలిసింది. అక్కడ శిక్షణ పొందిన హర్షితా తోమర్ 2018లో జకార్తా ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచింది. దేవాస్ జిల్లా రైతు కుటుంబంలో పుట్టిన నేహా ఠాకూర్ 2023లో హాంగ్‌ఝౌ క్రీడలలో బాలికల డింగీ విభాగంలో రజతం సాధించింది. సముద్రం లేని రాష్ట్రం నుండి ఈ పతకాలు రావడం గమనార్హం.

ప్లైవుడ్ స్థానంలో ఫైబర్‌గ్లాస్ వచ్చింది. పోటీ పడవకు, తెరచాపకు వెల పెరిగింది. సామాన్యుల బిడ్డలకై పుట్టిన పడవ సంపన్నుల ఆటవస్తువుగా మారే ప్రమాదం ఇక్కడే ఉన్నది. పడవ ఒక్కొక్క ఇంటి ఆస్తి కావలసిన పని లేదు. పాఠశాల గ్రంథాలయంలోని పుస్తకంవలె అది చేతులు మారుతూ ఉంటే చాలును. చెరువు ఊరందరిదైనట్లే, అందులో తేలే పడవ కూడా పిల్లలందరికీ అందిననాడు 1947 నాటి ఆలోచన సార్థకమవుతుంది.