అట్రజిన్‌ను విరిచే నేల బ్యాక్టీరియా

మొక్కజొన్న, చెరకు చేలలో వాడే కలుపుమందు అట్రజిన్‌ను హానిలేని పదార్థాలుగా మార్చే సూక్ష్మజీవులు. వీటిలో ఎక్కువ పరిశోధన జరిగింది సూడోమొనాస్ ఏడీపీ మీద. అమెరికాలోని మిన్నెసోటాలో ఈ మందు ఒలికిపోయిన చోటి మట్టి నుంచి దీన్ని వేరుచేసినట్టు అక్కడి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించారు.

ఈ బ్యాక్టీరియాకు అట్రజినే నత్రజని వనరు. మొదటి ఎంజైము అణువులోని క్లోరిన్‌ను తొలగిస్తుంది. కలుపును చంపే గుణం అక్కడితోనే పోతుంది. తర్వాతి రెండు ఎంజైములు పక్క గొలుసులను తెంచి సయన్యూరిక్ ఆమ్లాన్ని మిగులుస్తాయి. చివరి మూడు దాన్ని అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌లుగా విడగొడతాయి. ఈ ఆరింటి జన్యువులూ ఒకే ప్లాస్మిడ్ (క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్ఏ వలయం) మీద ఉన్నాయి. మెలమైన్‌ను విరిచే మరో ఎంజైముకూ, ఇందులోని మొదటి ఎంజైముకూ తేడా 475 అమైనో ఆమ్లాల్లో తొమ్మిదే. 1950ల చివర్లో వాడకంలోకి వచ్చిన కృత్రిమ రసాయనానికి నేల ఇంత త్వరగా విరుగుడు సంపాదించుకోవడం నిజంగా అబ్బురమే.

దక్షిణ డకోటాలో మందు ఒలికిన నేలపై జరిపిన క్షేత్ర ప్రయోగం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. పై మొదటి ఎంజైమును తయారుచేసేలా జన్యుమార్పిడి చేసిన ఈ.కోలై బ్యాక్టీరియాను ముందే చంపి, దానిలోని ఆ ఎంజైమునే వాడారు. బతికున్న మార్పిడి జీవిని నేలలోకి వదలకపోవడం వివేకమైన నిర్ణయం. ఫాస్ఫేటు కూడా కలిపిన మడుల్లో ఎనిమిది వారాల్లో అట్రజిన్ బాగా తగ్గింది.

నత్రజని ఎరువు దండిగా ఉన్న నేలలో ఈ విచ్ఛిన్నం మందగించవచ్చు. ఏళ్ల తరబడి అట్రజిన్ చల్లిన చేలలో స్థానిక బ్యాక్టీరియాయే దాన్ని త్వరగా హరిస్తుంది. అక్కడ కలుపుపై మందు పనిచేసే కాలం తగ్గిపోతుంది.